జాకీ ఎత్తితే డోరు పడటం లేదా? ఇంజన్ మార్చే ముందు ఇది చదవండి

ప్రశ్న: డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాం. పోయినేడాది 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపే కొన్నాను. 289 క్యూబిక్ అంగుళాల ఇంజన్, రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్. దాన్ని తీసేసి 347 స్ట్రోకర్ (పిస్టన్ నడక పొడవు పెంచి సైజు పెంచిన ఇంజన్), ఐదు గేర్ల టీ-5 గేర్‌బాక్స్ పెట్టాలని ప్లాన్. 400 హార్స్‌పవర్ దాకా వస్తుందంటున్నారు. ఇప్పుడున్న ఇంజన్‌తోనే గతుకుల్లో బండంతా కిరకిరలాడుతోంది, ముందు ఒక పక్క జాకీ ఎత్తితే డ్రైవర్ వైపు డోరు సరిగ్గా పడటం లేదు. షాపతనేమో బండి అడుగున ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపే, బోల్టులతో బిగించే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు చాలంటాడు. మా బావమరిది రోల్ కేజ్ (లోపల ఉక్కు గొట్టాల పంజరం) వేయించెయ్ అంటాడు. వీడియోల్లో చూస్తే ఇంజన్ మీద అడ్డంగా ఒక బార్ పెడితే సరిపోతుందంటున్నారు. వెనక సీట్లో మా పిల్లలిద్దరూ కూర్చుంటారు. వెల్డింగ్ చేయిస్తే బండి విలువ పడిపోతుందేమోనని టెన్షన్ కూడా ఉంది. దేంతో మొదలుపెట్టమంటారు?

సమాధానం: ముగ్గురూ తలో మాట చెప్పారు, ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, కానీ అసలు సంగతి ముగ్గురూ వదిలేశారు. మీరు మాటల్లో మాటగా రాసిన జాకీ ముచ్చట ఉంది చూశారా, మీ ఉత్తరం మొత్తంలో పనికొచ్చే ముక్క అదే. ఒక మూల ఎత్తితే డోరు పట్టేస్తోందంటే డోరు గుమ్మం ఆకారం మారుతోందన్నమాట, అంటే బండి ఒళ్లే మెలి తిరుగుతోంది. 400 హార్స్‌పవర్ సంగతి తర్వాత, ఇప్పుడున్న 200కే అది తట్టుకోలేకపోతోంది. ఆ 200 కూడా ఆ రోజుల్లో ఇంజన్‌ని విడిగా స్టాండు మీద పెట్టి, ఫ్యానూ సైలెన్సరూ లేకుండా కొలిచిన లెక్క. చక్రం దగ్గరికి అంత కూడా రాదు.

ఎందుకిలా అంటే, మస్టాంగ్‌కి విడిగా ఛాసిస్ లేదు. లారీకీ జీపుకీ ఉన్నట్టు కింద రెండు పెద్ద గడ్డర్లు, వాటి మీద బాడీ, అలా కాదు దీని కట్టుబడి. రేకునే మడిచి, పెట్టెలుగా చేసి, స్పాట్ వెల్డింగులతో ఒకదానికొకటి అతికించారు. మన అంబాసిడర్ కూడా ఇదే రకం, కాకపోతే దానికి ఎవరూ 400 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టలేదు. మస్టాంగ్ 1964 ఏప్రిల్‌లో బయటికొచ్చింది, దాని అడుగు భాగమంతా ఫాల్కన్ నుంచి తెచ్చుకున్నదే. ఫాల్కన్ అంటే 1960 మోడల్‌గా వచ్చిన పొదుపు బండి, చిన్న ఆరు సిలిండర్ల ఇంజన్‌తో ఆఫీసుకీ అంగడికీ తిరగడానికి చేసింది. ఆ అడుగు మీద వీ8 పెట్టి, 1967కి ఇంజన్ గది వెడల్పు చేసి 390 కూడా దూర్చారు. పైగా అప్పటి టైర్లు బయాస్ ప్లై, రోడ్డుని గట్టిగా పట్టేవి కావు, జారిపోయేవి. ఇప్పుడు మీరు వెడల్పాటి రేడియల్స్ వేస్తారు, అవి జారవు, అంటే ఆ మెలి అంతా రేకు మీదే పడుతుంది.

బండి కిందకి దూరి చూడండి. ముందు నుంచి వచ్చే రెండు రైల్స్, అంటే రేకు మడిచి చేసిన పొడుగు పెట్టెలు, ఫైర్‌వాల్ (ఇంజన్ గదికీ లోపలికీ మధ్య గోడ) దాటి, ముందు సీట్ల కిందికి వచ్చి అక్కడే ఆగిపోతాయి. వెనక రైల్స్ ఎక్కడో వెనక సీటు దగ్గర, లీఫ్ స్ప్రింగ్ ముందు కన్ను ఉండే చోట మొదలవుతాయి. మధ్యలో? ఫ్లోర్ రేకు, పక్కన డోర్ల కింద ఉండే రాకర్లు, అంతే. నులక మంచం పట్టెలు మధ్యలో కోసేసి, నులక మీదే మనిషిని పడుకోబెట్టినట్టు. కూపేకి పైన రూఫ్ ఉంది కాబట్టి కొంత నయం, అది కూడా లేని కన్వర్టిబుల్‌కి ఫోర్డ్ వాళ్లే రాకర్ల లోపల మందపాటి రేకు వేసి, ముందు రైల్‌ని రాకర్‌కి కలిపే టార్క్ బాక్సులు పెట్టి పంపేవాళ్లు. ఆ తరం కూపేల్లో చాలావాటికి ఆ భాగ్యం లేదు, ఉన్నా ఒక పక్కే ఉంటుంది. మీ దానికి ఉందో లేదో ముందు చక్రం వెనక, ఫైర్‌వాల్ మూలన, రైల్‌కీ రాకర్‌కీ మధ్య పెట్టెలాంటిది ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఇక దేంతో మొదలుపెట్టాలి అన్నారు. తుప్పుతో. తుప్పు పట్టిన రైల్‌కి మూడు మిల్లీమీటర్ల గొట్టం అతికిస్తే గొట్టం గట్టిగానే ఉంటుంది, అది పట్టుకున్న రేకు మాత్రం చిరుగుతుంది, ఒకటి రెండేళ్లలో వెల్డింగ్ పక్కనే పగులు కనిపిస్తుంది. ఈ బండ్లలో తుప్పు పుట్టిల్లు కౌల్. ముందు అద్దం కింద బయట గాలి లోపలికి వచ్చే జల్లెడలాంటిది ఉంటుంది కదా, దాని కింద తొట్టెలాంటి భాగం ఉంటుంది, దుమ్మూ ఆకులూ అందులో చేరి, తడిసి, మెల్లగా తినేస్తాయి. ఆ నీళ్లు డ్యాష్‌బోర్డ్ వెనక నుంచి కార్పెట్ కిందకి, అక్కణ్నుంచి ఫ్లోర్‌కి, టార్క్ బాక్స్ ఉండాల్సిన మూలకి దిగుతాయి. కార్పెట్ పైన చేయి పెడితే పొడిగానే ఉంటుంది, మోసపోకండి, కింద ఉన్న జనపనార పొర తడిగా ఉంటుంది. కార్పెట్ మొత్తం పీకి, డ్యాష్ కింద టార్చి పెట్టుకుని ఒకరు పడుకోవాలి, ఇంకొకరు ఆ జల్లెడ మీద పైపుతో నీళ్లు పోయాలి. చుక్క కనిపించిందా, మీ మొదటి ఖర్చు కనెక్టర్లు కాదు, కౌల్. ఆ పని చెయ్యాలంటే బోలెడన్ని స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి విప్పాలి, విసుగు పని, కానీ దాన్ని దాటేసి కింద ఎంత కట్టినా పైనుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి.

ఫ్లోర్ కూడా పోయి ఉంటే, కోయకముందే డోరు గుమ్మాలకి అడ్డంగా, ఏటవాలుగా గొట్టాలు ట్యాక్ (తాత్కాలికంగా చుక్క వెల్డింగు) వేయించండి. ఇది చెప్పకపోతే చాలామంది చెయ్యరు. ఫ్లోర్ కోసేశాక గుమ్మం ఎలా కావాలంటే అలా సాగిపోతుంది, కొత్త ఫ్లోర్ అతికించేశాక ఆ వంకర పర్మనెంటు.

బండి ఎంత మెలి తిరుగుతోందో మీరే ఇంట్లో చూసుకోవచ్చు, మెషిన్లేం అక్కర్లేదు. చదునైన చోట బండి నిలబెట్టి, డోరు వెనక అంచుకీ వెనక ప్యానెల్‌కీ మధ్య సందు మీదుగా, పైన ఒకటి కింద ఒకటి మాస్కింగ్ టేపు ముక్కలు అంటించండి. టేపుని సందు వెంట బ్లేడుతో కోసి, సన్నటి పెన్సిల్‌తో ఈ ముక్క మీద నుంచి ఆ ముక్క మీదకి ఒకే గీత గీయండి. ఇప్పుడు ముందు చక్రం వెనక, రైల్ కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తండి, డోరు తెరవొద్దు. గీత విరిగినట్టు రెండు ముక్కలుగా జరుగుతుంది చూడండి, ఎంత జరిగితే మీ గుమ్మం అంత కదిలిందన్నమాట. ఆ సందులో డ్రిల్ బిట్లు దూర్చి ఎత్తకముందు ఏ సైజు పట్టింది, ఎత్తాక ఏ సైజు పట్టింది అని రాసిపెట్టుకోండి. పని అయ్యాక షాపువాడితో మాట్లాడటానికి ఆ కాగితం చాలు. వట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం తల పెట్టకండి, స్టాండ్లు ఉండాల్సిందే.

కనెక్టర్ల విషయానికొస్తే, అవి వేయించండి, కానీ వెల్డింగ్‌వి. ముందు రైల్ ఆగిన చోటు నుంచి వెనక రైల్ మొదలయ్యే చోటు దాకా పెట్టె గొట్టం, రెండంగుళాల చదరం లేదా రెండు బై మూడంగుళాలది. షాపతను బోల్టులవి చాలన్నాడంటే అతనికి అది గంటల పని, తప్పు పట్టను. కానీ ఈ రైల్స్ లోపల బోలు. బోల్టు గట్టిగా బిగిస్తే రేకు లోపలికి నొక్కుకుపోతుంది, లోపల గొట్టం ముక్క స్లీవ్‌గా పెడితే తప్ప ఆ పట్టు నిలవదు, కొన్నాళ్లకి రంధ్రాలు కోలగా సాగి మళ్లీ కిరకిర మొదలు. బోల్టులవి ఎవరికంటే, అరుదైన బండి ఉన్నవాళ్లకి, రేపు విప్పేసి ఒరిజినల్‌గా చూపించుకోవాలనుకునేవాళ్లకి. మీకు కాదు. ఇంకో రకం ఉంది, ఫ్లోర్‌ని కోసి గొట్టం సగం పైకి వచ్చేలా కూర్చోబెట్టి, ఆ పొడుగునా ఫ్లోర్‌కి అతికించేది. గట్టిదనం బాగా వస్తుంది, కింద కూడా ఏమీ వేలాడదు, కానీ కార్పెట్, సీటు పట్టాలు, అన్నీ కదులుతాయి. రోడ్డు మీద తిరిగే మీ బండికి కిందనుంచి వచ్చేదే చాలు, కాకపోతే గొట్టాన్ని రెండు కొసల్లోనే కాకుండా మధ్యలో ఫ్లోర్‌కి ఆనిన చోట కూడా పట్టించమనండి. ఎలాగూ ఐదు గేర్ల బాక్సు పెడుతున్నారు కాబట్టి దాని క్రాస్‌మెంబర్ (కిందనుంచి మోసే అడ్డ దూలం), రెండు సైలెన్సర్ పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఇవన్నీ ఎక్కణ్నుంచి పోతాయో ముందే చూసుకోవాలి. గొట్టం అతికించాక పైపు దారి లేదని తెలిస్తే ఏడుపే.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. వెల్డింగ్ జరిగేటప్పుడు బండి తన చక్రాల మీద, తన బరువు మీద నిలబడి ఉండాలి. బండిని రెండు కాళ్ల లిఫ్టు మీద మధ్యలో పట్టి ఎత్తి, ముందూ వెనకా వేలాడుతుండగా అతికిస్తే, ఆ వేలాడే ఆకారమే శాశ్వతంగా బిగుసుకుపోతుంది, తర్వాత డోర్లు ఎంత సర్దినా సరిపడవు. నాలుగు కాళ్ల లిఫ్టు మీద చక్రాలతో ఎక్కించాలి, లేదంటే ర్యాంపుల మీద. స్టాండ్లే గతి అయితే వెనక యాక్సిల్ కింద, ముందు కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాన్ని పట్టుకునే చేతుల) కింద పెట్టి, స్ప్రింగులు నొక్కుకుని ఉండేలా చూడాలి. ఇందులోంచి ఇంకో సంగతి వస్తుంది: పాత 289ని బయటికి తీయకముందే కనెక్టర్లు వేయించండి. ఇంజన్ లేని బండి ముక్కు తేలికై పైకి లేచి ఉంటుంది, ఆ భంగిమలో బిగించడం కూడా అంతే తప్పు. మామూలుగా జనం ఇంజన్ తీసి, గది ఖాళీ అయింది కదా అని అప్పుడే అన్ని వెల్డింగులూ పెట్టుకుంటారు. ముందు భాగానికి అది సరే, కనెక్టర్లకి కాదు.

మొదలుపెట్టే ముందు డోర్లు మూసి, సందులు సమంగా ఉన్నాయో లేదో చూసి, కింద ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలు కొలతలు తీయించండి. రెండు ఏటవాలు కొలతలూ కలవకపోతే ఎప్పుడో గుద్దుకున్న బండి అన్నమాట, ముందు లాగించి సరిచేయించాలి. కొలతలు కలిసాయా, ఆ తర్వాత నాలుగు చోట్ల ట్యాక్ వేసి మళ్లీ డోరు తీసి వేసి చూడాలి. అప్పుడు అంగుళం అతికి, అంగుళం వదిలి, ఈ పక్క కొంచెం ఆ పక్క కొంచెం, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. ఒకే పక్క గీసుకుంటూ పోతే వేడికి రేకు అటే లాగేస్తుంది. గొట్టం మందం, రైల్ పల్చన, కాబట్టి మంట గొట్టం మీద ఎక్కువ ఆనాలి, లేకపోతే రైల్‌కి బొక్క పడుతుంది. మిగ్ వెల్డింగ్, ఆర్గాన్‌లో పాతిక శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్, ఈ రేకులకి అది శుభ్రంగా పడుతుంది. అడుగున యాభై ఏళ్ల తారు పూత ఉంటుంది, మెరిసే లోహం వచ్చేదాకా గీకాలి. బ్యాటరీ విప్పాలి, కార్పెట్, సీట్లు బయటికి రావాలి. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం రైల్ పక్కనే పోతాయి, వాటిని పక్కకి తప్పించకుండా ఎవడైనా వెల్డింగ్ టార్చి వెలిగిస్తానంటే బండి తీసుకుని ఇంటికి వచ్చేయండి. ఈ బండిలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ అడుగు అని గుర్తుంచుకోండి, వెనక పని అయితే ట్యాంకు దింపాలి. రాకర్ల రేకుకి జింక్ పూత ఉంటుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, మీరు పక్కన నిలబడి చూస్తానంటే మాస్కు పెట్టుకోండి. అయ్యాక సీమ్ సీలర్, ఎపాక్సీ ప్రైమర్, గొట్టాల లోపల మైనం స్ప్రే. ఇది మానేస్తే మళ్లీ కొత్త తుప్పుకి మనమే చోటిచ్చినట్టు.

కనెక్టర్లు అయ్యాక ఇంజన్ తీసేయండి, ఇప్పుడు షాక్ టవర్ల వంతు, అంటే ఇంజన్ గదిలో రెండు పక్కలా ముందు స్ప్రింగుల పైకొస ఆనే రేకు గూళ్లు. ఈ బండిలో ముందు స్ప్రింగు కింది ఆర్మ్ మీద కాదు, పై ఆర్మ్ మీద కూర్చుని టవర్‌ని తోస్తుంది. గోతిలో పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ టవర్‌కే. అందుకే అవి ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి, ఇంజన్ వైపుకి వాలతాయి, పై ఆర్మ్ బోల్టులు పట్టే చోట సన్నటి పగుళ్లు వస్తాయి. గ్రీజంతా కడిగి టార్చి ఏటవాలుగా వేసి చూడండి, వెంట్రుక మందంలో ఉంటాయి. పగులుంటే అతికించి, పైన బలం ప్లేట్లు వెల్డింగ్ చేయించాలి. బరువైన 390, 428 బండ్లకి ఈ జబ్బు మరీ ఎక్కువ. మీ 347 అసలు 302 దిమ్మే కాబట్టి బరువు పెరగదు, ఆ ఒక్క విషయంలో మీరు అదృష్టవంతులు.

వీడియోల్లో చూపించే అడ్డ బార్ దీని కోసమే. టవర్‌కీ టవర్‌కీ మధ్య వేసేది మాంటె కార్లో బార్, టవర్లని వెనక కౌల్‌కి పట్టేది ఎక్స్‌పోర్ట్ బ్రేస్. ఫోర్డ్ మామూలు బండ్లకి రెండు విడి ముక్కలు వేసేది, విదేశాలకి పంపేవాటికీ షెల్బీ జీటీ350కీ ఒకే ముక్క ప్రెస్ చేసిన బ్రేస్ వేసింది, పేరు అందుకే. రెండూ కలిపి వేయండి, ఖర్చు తక్కువ, ఫలితం స్టీరింగ్‌లో తెలుస్తుంది. తిన్నటి బార్ తీసుకోండి, అందంగా వంపు తిరిగినవి ఎయిర్ ఫిల్టర్ తగిలితే తప్ప వద్దు, వంపు ఉన్నది బలం వస్తే ఇంకా వంగుతుంది. బార్ రంధ్రాలు కలవకపోతే బార్ తప్పు అనుకుని సాగదీయకండి, టవర్లు లోపలికి వాలాయి, వాటిని లాగించాలి. ఇంతా చేసి ఈ బార్ డోరు పట్టేయడాన్ని మాత్రం తగ్గించదు, ఎందుకంటే అది ముక్కు దగ్గరి వైద్యం, మీ నొప్పి నడుములో.

టార్క్ బాక్స్ లేని పక్క కొత్తది అతికించండి, రెడీగా దొరుకుతాయి. కనెక్టర్ల తర్వాత పెట్టిన డబ్బుకి బాగా గిట్టేది ఇదే అని నా లెక్క.

మీ బావమరిదికి నా నమస్కారాలు చెప్పి, రోల్ కేజ్ వద్దని చెప్పండి. కేజ్‌తో బండి గట్టిపడుతుంది, నిజమే, రేసులో హెల్మెట్, ఐదు పట్టీల బెల్టు ఉన్నవాళ్లకి అది ప్రాణం కాపాడుతుంది. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా కూర్చున్న మనిషి తలకి అరచేయి దూరంలో ఉక్కు గొట్టం ఉంటే, మామూలు గుద్దుడు కూడా పుర్రె పగిలే గుద్దుడవుతుంది. వెనక సీట్లో పిల్లలంటున్నారు, ఇక చర్చే లేదు. రేపు ట్రాక్ మీదకి వెళ్లాలనిపిస్తే అప్పుడు వెనక సీటు పీకేసి ఆలోచించండి.

ఇంకో మాట, మీ ఉత్తరం చదివే వేరేవాళ్ల కోసం. ఇదంతా మస్టాంగ్ లెక్క. 1967-69 కమారో అయితే ముందు భాగం విడి ఫ్రేమ్, రబ్బరు బుష్‌ల మీద బోల్టులతో బాడీకి పట్టి ఉంటుంది, ముందు ఆ బుష్‌లు చూడాలి, తర్వాతే కనెక్టర్లు. చార్జర్, చాలెంజర్ లాంటి క్రైస్లర్ బండ్లలో ముందు స్ప్రింగుల పని టార్షన్ బార్లు చేస్తాయి, వాటి వెనక కొస ఫ్లోర్ కింద క్రాస్‌మెంబర్‌లో ఉంటుంది, అక్కడ తుప్పుంటే బండి నడపనే కూడదు. షెవెల్, జీటీఓ వాళ్లు ఈ గోలలో లేరు, వాటికి నిజంగానే విడి ఛాసిస్ ఉంది.

విలువ గురించి. ఎడమ ముందు ఫెండర్ కింద, లోపలి ఏప్రన్ (ఇంజన్ గది పక్క గోడ రేకు) మీద కొట్టిన బండి నంబర్‌లో ఐదో గుర్తు చూడండి. సీ అంటే రెండు బ్యారెళ్ల 289. అలాంటి కూపేలు ఆ ఏడాది కుప్పలు తెప్పలుగా చేశారు, వాటికి చక్కగా వేసిన కనెక్టర్లు విలువ తగ్గించవు, సరిగ్గా పడే డోరు చూస్తే కొనేవాడికి ధైర్యం వస్తుంది. కే గానీ ఎస్ గానీ ఉంటే మాత్రం ఆగండి. కే అంటే 271 హార్స్‌పవర్ 289, ఎస్ అంటే 390, వాటి మీద గ్రైండర్ పెట్టే ముందు నాకు ఇంకో ఉత్తరం రాయండి. టవర్ల పని చేసేటప్పుడు ఆ నంబర్ ఉన్న ఏప్రన్ ముక్కని కోయొద్దని షాపతనికి కాగితం మీద రాసివ్వండి, నోటిమాట చాలదు. అది పోతే కాగితాల తలనొప్పి వేరే రకం. పాత 289ని కూడా వచ్చిన రేటుకి అమ్మేయకండి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, కవర్ చుట్టి గరాజ్ మూలన పెట్టుకోండి.